నలభై ఒకటో ముక్క

3, సోమవారం

ఈ నోటుపుస్తకం ఎవరూ చదవకూడదు. అత్తయ్యకి కళ్ళజోడు లేనిదే కనపడదు, ఈయనకి చదివే ఓపిక లేదు, కాబట్టి భయం లేదు. ఆఫీసులో ఎవరితోనూ అనలేని మాటలు ఎక్కడో ఒకచోట కక్కకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది.

లెక్కలు కట్టే పాత కంప్యూటర్ల గుంపుని, అదే మా పాత క్లస్టర్ని, పదిహేనో తేదీన పీకేస్తారట. డైరెక్టరు గారు ఇవాళ మీటింగులో చొక్కా మడత నలగకుండా ఆ మాట చెప్పారు. ఆయన్ని మేమంతా చాటుగా ఇస్త్రీ అంటాం. కొత్త క్లస్టరు వచ్చి మెషిను గదిలో కూర్చుంది. నలభై పెట్టెలు, నీలం దీపాలు, ముట్టుకుంటే మాసిపోయేలా ఉన్నాయి. పాత ప్రోగ్రాముని దాని మీదికి ఎక్కించే పని నాది. "పన్నెండు రోజులు చాలు కదా మేడమ్?" అన్నారు. చాలన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

ఆ ప్రోగ్రాము చేసేది ఒక్కటే పని. కొండ రోడ్డు మీదికి వాలి ఉన్న కొండని అరవై నాలుగు ముక్కలుగా విడగొట్టుకుని, సెన్సర్లు పంపిన కొలతలు చూసి, ఏ ముక్క రోజుకి ఎన్ని మిల్లీమీటర్లు జారుతోందో పొద్దున్నే లెక్క కడుతుంది. పది దాటితే బోర్డు మీద ఎరుపు, రోడ్డు మూత. దాటకపోతే పచ్చ, గేటు లేస్తుంది. గేటు లేచాక కొండ మీదికి వెళ్ళే మొదటి బస్సు మా ఆయనది.

ఇది నాకు నేను రాసుకోవాల్సిన విషయం కాదు. రాసుకుంటే జాగ్రత్తగా ఉంటానని రాశాను.

5, బుధవారం

పాత ప్రోగ్రాముని ఉన్నదున్నట్టు ఎత్తుకెళ్ళి కొత్త మెషిన్లో పెట్టాను. నోరు తెరవలేదు. నాకు కావలసిన లైబ్రరీ ఇక్కడ లేదని ఒక్క లైన్లో తేల్చేసింది. లైబ్రరీ ఉంది. పేరూ అదే. కానీ వెర్షను కొత్తది, అందుకని దాని మొహం చూడనంటుంది. చిన్నా చితకా పనులన్నిటికీ, వర్గమూలం కట్టడానికి కూడా, ప్రోగ్రాము ఆ లైబ్రరీ మీదే ఆధారపడుతుంది. ఆ రెండింటికీ పడకపోతే ఇక ఏదీ కదలదు.

సరే అని పాత లైబ్రరీని కూడా మూటగట్టి పక్కన పెట్టి, ముందు ఇందులో వెతుక్కో అన్నాను. మొదటి పెట్టెలో చక్కగా నడిచింది. ఎగిరి గంతేశాను. మిగతా పెట్టెల్లోకి పంపగానే అన్నిట్లోనూ వరసగా చచ్చింది. తల ప్రాణం తోకకొచ్చింది.

అన్నం దగ్గర ఈయన ఏమైంది అలా ఉన్నావంటే, మీ పాత బస్సు ఇంజను కొత్త బస్సులో పెట్టమంటే ఏం చేస్తారని అడిగాను. బోల్టులు పట్టవన్నారు. అదే నా బాధ అన్నాను. మధ్యలో ఒక ప్లేటు వేసి బిగించొచ్చట. కాసేపు నమిలి, "కానీ పాతది బిగించినవాణ్ణి అడక్కుండా వెయ్యకూడదు. ఏ బోల్టు ఎందుకుందో వాడికే తెలుసు" అన్నారు.

నేను పెరుగు తెస్తానని లేచి వంటింట్లోకి వెళ్ళాను.

6, గురువారం

బిగించినవారు మాస్టారు. ఇరవై ఆరేళ్ళు ఆ గదిలో, ఆ కుర్చీలో కూర్చుని ఆ ప్రోగ్రాము రాశారు. నాకు పని నేర్పింది ఆయనే, కాదనను. పోయినేడు రిటైరయ్యారు.

దానికొక జబ్బుంది. ఏడాదికి మూడు నాలుగు సార్లు, అదీ వానల్లోనే, లెక్క మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆగే ముందు ఒక్క మాట అచ్చేస్తుంది: "ఆగాను." ఎందుకో చెప్పదు. ఆఫీసులో దానికి మూర్ఛ అని పేరు పెట్టాం. మూర్ఛ వచ్చిన రోజు బోర్డు మీద అంకె ఉండదు. అంకె లేకపోతే గేటు ఎత్తకూడదని మాస్టారు పెట్టిన రూలు. అంచేత రోడ్డు మూసేస్తారు, జనం మా ఆఫీసుని నోటికొచ్చినట్టు తిడతారు. ఒకటి రెండు రోజులకి అది మళ్ళీ దానంతటదే లేచి నడుస్తుంది.

వీడ్కోలు రోజున ఆయన నాకు తాళాలిస్తూ, "అది ఎందుకు ఆగుతుందో నీకు చెప్పాలమ్మా, ఒక పూట కూర్చో" అన్నారు. ఆ నెలలోనే రెండుసార్లు మూర్ఛొచ్చి నేను తిట్లు తిని ఉన్నాను, ఒళ్ళు మండుతోంది. "మీరు వెళ్ళిపోయాక ఆగదులెండి మాస్టారూ" అన్నాను. అందరూ పకపకా నవ్వారు. ఆయనా నవ్వారు. టీ తాగకుండానే వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళాక కూడా మూడుసార్లు ఆగింది. ఎవరూ నా మొహం చూసి నవ్వలేదు, అదే పదివేలు.

రేపు మాస్టారికి ఫోన్ చెయ్యాలి.

7, శుక్రవారం

పాతది మొయ్యడం కుదరదు. మాస్టారి రాత మొత్తం, దాన్ని మెషిను భాషలోకి మార్చే కొత్త కంపైలరుకిచ్చి మొదటినుంచీ కట్టించాలి. ఇచ్చాను. రెండొందల పన్నెండు తప్పులు పట్టింది.

8, శనివారం

పాత అలవాట్లని తప్పుపట్టకు అని కంపైలరుకి చెప్పే వీలొకటుంది. చెప్పాను. అత్తగారికి పండ్లరసం ఇచ్చి కూర్చోబెట్టినట్టు కాస్త మెత్తబడింది. రెండొందల పన్నెండు కాస్తా ముప్ఫై ఒకటయ్యాయి. ఆ ముప్ఫై ఒకటీ నేనే కూర్చుని ఒక్కోటీ సరిచేస్తూ వచ్చాను. సాయంత్రానికి పంతొమ్మిది మిగిలాయి.

మధ్యలో గేటు బాబాయి ఫోను. రోజూ ఆరూ నలభై ఐదుకి చేసి "అమ్మాయ్, ఎత్తమంటావా?" అని అడిగి, నేను ఎత్తమన్నాక చేత్తో గేటు తిప్పి పైకెత్తే మనిషి. మా ఎవరికీ బాబాయి కాడు, కానీ అందరూ అలాగే పిలుస్తారు. కొత్త గేటుకి మోటారు పెడుతున్నారని, బోర్డు పచ్చగా ఉంటే ఏడింటికి దానంతటదే లేస్తుందని విన్నాడట. ఇక నీకు రోజూ ఫోన్ చేసే శ్రమ తప్పుతుంది బాబాయ్ అన్నాను. తనకది శ్రమ కాదని, పొద్దున్నే ఒకరి చేత సరే అనిపించుకుంటే తప్ప తనకి తోచదని అన్నాడు. అప్పుడు నవ్వొచ్చింది.

10, సోమవారం

ఒక్కటి మిగిలింది. రోజంతా తిన్నది.

పాత లైబ్రరీలో ఒక ఏర్పాటుండేదట. లెక్కలో ఏదైనా కుదరని పని తగిలితే, అంటే సున్నాకన్నా తక్కువ అంకెకి వర్గమూలం కట్టమన్నట్టు, అది ప్రోగ్రాములోని ఒక భాగాన్ని పిలిచి ఇదిగో ఇలా అయిందని చెప్పేది. కొత్త లైబ్రరీలో ఆ ఏర్పాటు ఎత్తేశారు. ఏమైనా సరే ఎవర్నీ పిలవదు. మాస్టారి ప్రోగ్రాములో ఆ భాగం ఉంది. దాని నెత్తిన ఆయన "కాపలా" అని ఒక్క మాట రాసి వదిలేశారు. ఆ మహానుభావుడికి రెండో మాట రాయడం చేతకాదు.

దాన్ని కొత్త కంపైలరు ఒప్పుకోదు. తీసేస్తే ఇంకెక్కడో అడుగుతుంది. అందుకని పేరు అలాగే ఉంచి లోపలున్నదంతా ఊడ్చేశాను. రెండు బ్రాకెట్లు, మధ్యలో గాలి. ఎవరూ పిలవని వాకిట్లో కాపలావాడెందుకు?

వెంటనే కట్టేసింది. నడిచింది. చివరిదాకా నడిచింది. గదిలో ఎవరూ లేరు గనక చప్పట్లు కొట్టుకున్నాను.

11, మంగళవారం

పోయిన నెల కొలతలు రెండు మెషిన్లకీ ఇచ్చి పోల్చాను. అరవై నాలుగు ముక్కలూ రెండో దశాంశం దాకా అచ్చు గుద్దినట్టు ఒకటే. డైరెక్టరు గారు నన్ను మెచ్చుకున్నారు, అదీ నలుగురిలో. మూర్ఛ సంగతేమిటని అడిగారు. ఇక రాదు సార్, కుదిర్చేశానన్నాను.

పోయిన నెలంతా ఎండే. వానాకాలం కొలతలు కూడా ఒకసారి ఇవ్వాలి. అవి పాత టేపుల్లో ఉన్నాయి, దించాలంటే రెండ్రోజులు.

12, బుధవారం

మధ్యాహ్నం నుంచి తుంపర. మాస్టారికి ఫోన్ చెయ్యాల్సిన పని ఇక లేదనుకుంటాను.

14, శుక్రవారం

నిన్నటి పేజీ చింపేశాను. చేతిరాత బాగోలేదు.

బోర్డుకి చిన్న మార్పు. సెన్సరు తడిస్తే ఒక్కోసారి ఏదో ఒక ముక్కకి అంకె రాదు, బోర్డు మీద గడి బోసిగా కనపడుతుంది. రేపు పెద్దలంతా వచ్చినప్పుడు బాగోదు. అందుకని ఒక లైను కలిపాను: అంకె రాకపోతే నిన్నటి అంకె వేసెయ్. ఎక్కడైనా చేసేదే ఇది. ఇంతకుముందు చేసిన ఆఫీసులో కూడా చేశాను.

41వ ముక్క: 2.3.

15, శనివారం

ప్రారంభం బాగా జరిగింది. బోర్డంతా పచ్చగా వెలిగింది. గేటు దానంతటదే లేస్తుంటే పెద్దలు చప్పట్లు కొట్టారు. బాబాయి తలకి కొత్త టోపీ పెట్టి ఫొటో తీశారు. చేత్తో తిప్పే పాత హ్యాండిలు ఊడదీసి ఇనుప సామాన్లో పడేశారు, ఇక దాని అవసరం లేదుగా. పాత క్లస్టర్ని లారీలో వేసుకుపోయారు. దాని పెట్టెలున్న చోట నేల మీద చారలు మిగిలాయి, ఆ చోటుకేసి చూస్తే ఎందుకో ఒళ్ళు జలదరించింది. ఏసీ చలి.

41: 2.3.

17, సోమవారం

ఆరూ నలభై ఐదుకి బాబాయి ఫోను. గేటు ఎలాగూ లేస్తుంది కదా, ఎందుకు చేశావంటే, "అలవాటమ్మా. నువ్వు సరే అను చాలు" అన్నాడు. సరే అన్నాను.

వాన. 41: 2.3.

18, మంగళవారం

వాన. 2.3.

19, బుధవారం

ఈయన బూట్లు విప్పుతూ, మూడో మలుపు దగ్గర రోడ్డు మీద చిన్నచిన్న రాళ్ళు పడి ఉన్నాయన్నారు. వానకి రాళ్ళు పడటం మామూలే కదా అన్నాను. మామూలేగానీ పక్కనున్న గట్టు పోయిన వారం నిటారుగా ఉండేదట, ఇవాళ బస్సుకేసి ఒంగినట్టుందట. మీకు అలా అనిపించి ఉంటుంది, అక్కడ ముక్క కదల్లేదు, నేను రోజూ చూస్తున్నానన్నాను.

"నువ్వు బోర్డు మీద చూస్తావు. నేను స్టీరింగు పట్టుకుని చూస్తాను" అన్నారు.

నాకు కోపమొచ్చింది. పన్నెండు రోజులు నడుం విరిగేలా పనిచేశాను, ఇంట్లో మనిషికే నమ్మకం లేకపోతే ఎలా? అదే అన్నాను. ఆయన సరేలే అని ఊరుకున్నారు.

మూడో మలుపు మీద ఉన్నది 41. 2.3.

20, గురువారం

చుట్టుపక్కల ముక్కలు కొద్దికొద్దిగా పెరుగుతున్నాయి. 40వ ముక్క 4.1, 42వది 4.8. పది దాటలేదు, కంగారేమీ లేదు. మధ్యలో 41 ఒక్కటీ బుద్ధిగా కూర్చుంది. 2.3.

21, శుక్రవారం

మాస్టారి నంబరు తీశాను. డైరెక్టరు గారు పిలిచారు, వెళ్ళొచ్చాను. తర్వాత గుర్తులేదు.

22, శనివారం

"అమ్మాయ్, ఇన్ని వానలకి ఒక్కసారైనా మూర్ఛ రాలేదేంటి దీనికి?" అన్నాడు బాబాయి.

నయం చేశాను కదా బాబాయ్ అన్నాను.

ఫోనులో వాన చప్పుడు వినపడింది. ఇన్నేళ్ళలో ఇలాంటి వానకి రోడ్డు తెరిచి ఉండటం తను చూడలేదని, తెరవకపోతే తిట్లు, తెరిస్తే బెరుకు, ఈ ఉద్యోగంలో సుఖమెప్పుడూ లేదని నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. చెవిలో జోరీగలాగా ఈ ఫోనొకటి, కొన్నాళ్ళు చెయ్యకు బాబాయ్, నాకు పని ఉంటోందన్నాను. సరేనమ్మా అన్నాడు, ఏమీ అనుకోనట్టే.

2.3.

24, సోమవారం

ఆరూ నలభై ఐదుకి ఫోను మోగలేదు. హాయిగా ఉంది.

హాయిగా ఏమీ లేదు.

40: 7.2. 42: 7.9. 41: 2.3.

25, మంగళవారం

పొద్దున ఈయన బయల్దేరుతుంటే అత్తయ్య గుమ్మంలో అడ్డంగా నిలబడి ఇవాళ ఆ రోడ్డు వద్దంది. నిన్నంతా రేడియోలో వాన సంగతే వింటూ కూర్చుంది మరి. ఈయన బూట్లేసుకోకుండా నాకేసి చూశారు. ఏమంటావన్నట్టు చూశారు.

నేను గట్టిగా, ఆవిడకి వినపడేలా, "కొండ రెండు పాయింటు మూడు దగ్గరే ఉంది అత్తయ్యా. నా మాట మీద వెళ్ళనివ్వండి" అన్నాను.

వెళ్ళారు. సాయంత్రం క్షేమంగా వచ్చారు. చూశారా అన్నాను అత్తయ్యతో. ఆవిడ మళ్ళీ రేడియో పెట్టుకుంది.

రేపు వానాకాలం టేపులు దించాలి. రేపు మాస్టారికి ఫోన్ చెయ్యాలి. రేపు తప్పకుండా.

26, బుధవారం

రాయలేను.

28, శుక్రవారం

బుధవారం సంగతి ఇవాళ రాస్తాను. వరసగా రాస్తాను, వరస తప్పితే నేను మళ్ళీ ఏదో ఒకటి దాస్తాను.

ఆరున్నరకి లెక్క వచ్చింది. అంతా పచ్చ. 40వ ముక్క 9.4, 42వది 9.6, పదికి ఇవతలే. ఏడింటికి గేటు లేచింది. ఏడూ పదికి ఈయన బస్సు పైకి వెళ్ళింది. ఏడూ నలభైకి ఆఫీసు ఫోను మోగింది. బాబాయి అనుకుని విసుగ్గా ఎత్తాను. మాస్టారు.

ఏడాది తర్వాత మొదటిసారి ఆయన గొంతు విన్నాను. ఎలా ఉన్నావనలేదు. "ఇంత వానలో రోడ్డు తెరిచారేంటమ్మా? అది ఆగలేదా?" అన్నారు.

"ఆగలేదు మాస్టారూ. బాగుచేశాను" అన్నాను. ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది. ఉందనే రాస్తున్నాను.

ఆయన మెల్లగా, "ఆగడానికేగదమ్మా రాసింది" అన్నారు.

మిగతాది ఆయన చెప్పక్కర్లేదు, అయినా చెప్పారు. కొండ నానిపోయి పట్టు వదిలేసే వేళ ఆ ముక్క లెక్కలో వర్గమూలం కింది అంకె సున్నా దాటి కిందికి పోతుంది. అప్పుడిక ఎంత జారుతోందో చెప్పే అంకె అంటూ ఉండదు. అందుకే కాపలా పెట్టారు. అంకె లేని చోట ప్రోగ్రాము ఆగాలి, ప్రోగ్రాము ఆగితే గేటు పడాలి. మేం మూర్ఛ అని నవ్వుకున్న ప్రతిసారీ అది రోడ్డు మూయించింది.

నా కొత్త ప్రోగ్రాములో కాపలావాడు లేడు. అంకె కాని ఆ ముక్కని తీసుకెళ్ళి, పది దాటిందా అని అడిగితే, దాటలేదనే జవాబొస్తుంది. అంకె కానిది దేన్నీ దాటదు కదా. ఆపైన బోసి గడిలో నిన్నటి అంకె పెట్టే లైను. నిన్నటిది మొన్నటిది, మొన్నటిది అటు మొన్నటిది. పన్నెండో తేదీ అంకెని పద్నాలుగు రోజులుగా చూసుకుంటున్నాను.

ఈయనకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. బండి నడిపేటప్పుడు ఫోను ముట్టుకోనని నా మీద ఒట్టు వేయించుకున్నది నేనే. పైన బస్టాండుకి చేస్తే ఇప్పుడే కిందికి బయల్దేరిందన్నారు. గేటు మూయడానికి బోర్డు ఎర్రగా మార్చబోయాను. బోర్డుకి చేత్తో రంగు మార్చే వీలు ఇవ్వకూడదని మీటింగులో పట్టుబట్టి తీయించిందీ నేనే. సరే మెషినే ఆపేద్దామనుకున్నాను. ఆపినా నిన్నటి అంకెలే వేస్తుంది. ఎటు తిరిగినా నేను కట్టిన గోడే తగిలింది.

గేటు గదికి చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"బాబాయ్, గేటు మూసెయ్" అన్నాను.

బోర్డు పచ్చగా ఉందన్నాడు. తప్పు బాబాయ్, నా తప్పు, మూడో మలుపు జారిపోతోంది, ఈయన బస్సు దిగుతోందన్నాను. హ్యాండిలు తీసేశారు కదమ్మా అన్నాడు. అవును, తీసేశారు. నాకు ఏడుపొచ్చేసింది. "ఏడవకు. నేను పోయి ఆపుతాలే" అన్నాడు, కొట్టుకి పోయొస్తానన్నట్టు.

తర్వాతది ఈయన చెప్పారు. బాబాయి తన కుర్చీ, సైకిలు గేటు కింద రోడ్డుకి అడ్డంగా పెట్టాడు. ఎర్ర గుడ్డ పట్టుకుని ఆ వయసులో మూడో మలుపు దాకా పరుగెత్తాడు. మలుపు దాటి పైన బస్సుకి ఎదురెళ్ళి ఆపాడు. బస్సులో ఇరవై తొమ్మిది మంది. వెనక్కి తీసుకోమన్నాడు. నువ్వూ ఎక్కు బాబాయ్ అంటే, "కింద కుర్చీ ఒక్కటే ఉందిరా. ఎవడో ఒకడు పక్కకి జరిపి వచ్చేస్తాడు" అని మళ్ళీ కిందికి వెళ్ళాడు. బస్సు వెనక్కి వంద గజాలు కూడా పోలేదు. చప్పుడు ముందు రాలేదట. చెట్లు ముందు నడిచాయట.

నిన్న సాయంత్రం దాకా తవ్వారు.

29, శనివారం

డైరెక్టరు గారు గదిలోకి పిలిచి తలుపేశారు. మంగళవారం విచారణ. రికార్డులు తనే చూశారట, ఎక్కడా లోపం లేదట. ప్రతిరోజూ ప్రతి ముక్కకీ అంకె ఉంది, ఒక్క రోజు కూడా ప్రోగ్రాము ఆగలేదు. 41 ముందురోజు దాకా 2.3, బుధవారం కూడా 2.3. కొండ చెప్పాపెట్టకుండా జారింది, ఎవరేం చెయ్యగలరన్నారు. "మీరు అడిగినదానికే జవాబు చెప్పండి మేడమ్, అది చాలు" అన్నారు. మంచినీళ్ళు కూడా ఇచ్చారు.

చాలు అన్నాను. మళ్ళీ అదే మాట అన్నాను.

30, ఆదివారం

ఈయన నాతో మాట్లాడుతున్నారు. ఉప్పు అందుకో, తువ్వాలేదీ, అలాంటివి. అత్తయ్య నాకేసి చూడటం లేదు. తిట్టినా బాగుండును.

బాబాయి భార్యని చూడ్డానికి వెళ్ళాం. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని, నీ ఫోను రాబట్టే అంతమంది బతికారమ్మా, మా ఆయన రోజూ నీ గురించే చెప్పేవాడు అంది. నేను చేతులు లాక్కోలేదు. నోరు విప్పలేదు. మూడు సార్లు విప్పబోయాను.

1, సోమవారం

మాస్టారు ఆఫీసుకి వచ్చారు. ఎవరూ పిలవలేదు. నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుని చూపించమన్నారు. ఆ రెండు బ్రాకెట్లు చూపించాను. చాలాసేపు చూశారు.

తిట్టండి మాస్టారూ అన్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇరవై ఆరేళ్ళు టైముందమ్మా నాకు. ఆగాను అని రాశాను. ఎందుకు ఆగానో ఇంకొక్క వాక్యం రాయలేకపోయాను. నేనుంటానుగా అనుకున్నాను" అన్నారు.

లైబ్రరీ పిలవకపోతే మానె, మనమే చూసుకుందామన్నారు. ప్రతి లెక్క తర్వాతా వచ్చింది అంకేనా కాదా అని అడిగి, కాకపోతే ఆగిపోయేలా ఇద్దరం కలిసి రాశాం. నిన్నటి అంకె వేసే లైను తీసేశాను. కాపలా పైన ఆయన చెప్తుంటే ఏడు వాక్యాలు నేను రాశాను. గేటుకి హ్యాండిలు మళ్ళీ పెట్టమని కాగితం పెట్టాను. వానాకాలం టేపులు దించి నడిపాం. మూర్ఛ వచ్చిన ప్రతి రోజూ అది అక్కడే ఆగింది. నాకిప్పుడు మూర్ఛ అనే ఆ మాట రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

పోయిన నెల పదమూడో తేదీ కొలతలు కూడా ఇచ్చి చూద్దామన్నారు మాస్టారు. వద్దన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. ఇచ్చారు. 41 దగ్గర ఆగింది.

2, మంగళవారం, పొద్దున

విచారణ పదకొండింటికి. ఈ పుస్తకం తీసుకెళ్తున్నాను. రికార్డుల్లో అంకెలున్నాయి, అవి ఎలా వచ్చాయో ఇందులో ఉంది. ఉద్యోగం పోతుంది. ఇంకేం పోతుందో తెలియదు. బయల్దేరేముందు ఈయనకి ఇచ్చి చదవమన్నాను. నిలబడే చదివారు, ఒక్క పేజీ కూడా వదలకుండా. మధ్యలో చిరిగిన చోట వేలు పెట్టి, "ఇక్కడేముంది?" అన్నారు.

చేతిరాత బాగోలేదని కాదు. అందులో ఉన్నది నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. ఆయన ఎదురుగానే కూర్చుని మళ్ళీ రాస్తున్నాను.

13, గురువారం

వాన పడగానే 41లో అంకె పోయింది. లోపలికెళ్ళి చూశాను. సెన్సరు బాగానే ఉంది. వర్గమూలం కింది అంకె సున్నాకి దిగువకి పోయింది. ఆ కాపలా అనేది దీనికోసమేనేమో. మూర్ఛంటే ఇదేనేమో. మాస్టారిని అడిగితే రెండు నిమిషాల్లో చెప్తారు.

అడిగితే ఆయన చెప్పిందే నిజమైనట్టు, నేను నలుగురిలో నవ్వులపాలైనట్టు. ఎల్లుండి ప్రారంభం.

అడగను.